నాన్నకు సెలవు ఎవరివ్వాలి?

పాప పుట్టకముందు నాకు రాజకీయాలంటే రాత్రిపూట టీవీ చర్చలు, ఫలితాల రోజు పొద్దున్నే లేచి కూర్చోవడం, ఆఫీసులో లంచ్ టైములో వాదనలు. ఎవరికెన్ని సీట్లొచ్చాయి, ఎవరు ఏ పార్టీలోకి దూకారు, అంతే. ఇప్పుడు ఆ చర్చలు చూసే తీరిక లేదు, ఉన్నా మనసు పోవడం లేదు. కానీ రాజకీయాల గురించి ఇంతకుముందు కంటే ఎక్కువే ఆలోచిస్తున్నాను. ఇదంతా ఒక లీవ్ మెయిల్‌తో మొదలైంది.

నా భార్యకు ఏడో నెల నడుస్తుండగా మా హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను. కాన్పు సమయంలో నాకు ఎన్ని రోజులు సెలవు దొరుకుతుంది, ఎలా అప్లై చేయాలి అని అడిగాను. జవాబు మర్యాదగానే వచ్చింది. తండ్రులకు కంపెనీ ఇచ్చేది వారం కూడా లేదు. అది ఒకేసారి వాడుకోవాలి, విడగొట్టుకోవడానికి కుదరదు. అంతకు మించి కావాలంటే ఈఎల్స్ (పనిచేసి కూడబెట్టుకున్న సెలవులు) లోంచి తీసుకోవాలి, అదీ మేనేజర్ ఒప్పుకుంటేనే.

దాదాపు అదే సమయంలో నా భార్య కూడా తన ఆఫీసులో అప్లై చేసింది. ఫారం నింపి, డాక్టరు ఇచ్చిన కాగితం జతచేసి పంపింది. 26 వారాల సెలవు, జీతంతో సహా ఖాయమైపోయింది. ఎవర్నీ బతిమాలుకోలేదు, పైవాళ్ల మూడ్ ఎలా ఉందో చూసుకోలేదు. ఆ సెలవు ఒకరి దయ కాదు, చట్టం. అప్పటికి అమల్లో ఉన్నది 1961లో వచ్చిన ప్రసూతి ప్రయోజనాల చట్టం. మొదట్లో 12 వారాలే ఉండేది, 2017లో సవరించి మొదటి ఇద్దరు పిల్లల దాకా 26 వారాలు చేశారు. ఎప్పుడో ఎవరో పార్లమెంటులో కూర్చుని చేసిన పని మా ఇంట్లోకి ఇంత నేరుగా వచ్చి తలుపు తడుతుందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

మరి తండ్రుల సంగతేంటని చట్టాలు వెతకడం మొదలుపెట్టాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజులు ఉంది. 1972 నాటి సెలవు నియమాల్లో 43-ఎ అనే నియమం కింద ఇస్తారు. ఇద్దరు పిల్లల కంటే తక్కువ ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. కాన్పుకు 15 రోజుల ముందు నుంచి, పుట్టిన ఆరు నెలల లోపు ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఆ ఆరు నెలల వెసులుబాటు ఎంత విలువైనదో నాకు తర్వాత తెలిసొచ్చింది. ప్రైవేటు ఉద్యోగులకు మాత్రం తండ్రి సెలవు ఇచ్చి తీరాలనే చట్టం మన దేశంలో లేదు. ఇస్తే కంపెనీ మంచితనం, ఇవ్వకపోతే అడిగే దారి లేదు.

ప్రయత్నమే జరగలేదని కాదు. 2017లో మహారాష్ట్రకు చెందిన కాంగ్రెస్ ఎంపీ రాజీవ్ సాతవ్ లోక్‌సభలో పితృత్వ ప్రయోజనాల బిల్లు పెట్టారు. అసంఘటిత రంగంలో ఉన్నవాళ్లతో సహా తండ్రులందరికీ 15 రోజులు, అవసరమైతే మూడు నెలల దాకా సెలవు ఇవ్వాలని అందులో ఉంది. అది ప్రభుత్వం తెచ్చిన బిల్లు కాదు, ప్రైవేటు మెంబర్ బిల్లు. స్వాతంత్ర్యం వచ్చాక ఇలాంటివి చట్టాలైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. ఇదీ చట్టం కాలేదు. ఆయన 2021లో కోవిడ్ అనంతర సమస్యలతో చనిపోయారు. ఆ బిల్లు గురించి చదివిన రోజు, పేరు కూడా వినని ఒక ఎంపీ మీద నాకు గౌరవం కలిగింది. 2020లో కార్మిక చట్టాలన్నీ కలిపి కొత్త కోడ్‌లు చేసినప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో తల్లుల సెలవుకు ఒక అధ్యాయమే ఉంది. తండ్రుల సెలవు మాట లేదు.

కాన్పు తేదీ సంగతి తెలిసిందే. డాక్టర్లు చెప్పిన తేదీకే పుట్టే పిల్లలు నూటికి నలుగురైదుగురికి మించరు. మా పాప ముందే వచ్చేసింది. నా సెలవేమో డ్యూ డేట్‌ని బట్టి మంజూరై ఉంది. ఆపరేషన్ థియేటర్ బయట నిలబడి ఒక చేత్తో సంతకాలు పెడుతూ, ఇంకో చేత్తో ఫోన్లో లీవ్ తేదీలు మార్చమని మెసేజ్‌లు కొట్టాను. సిస్టంలో మళ్లీ అప్రూవల్ పడాలన్నారు. మా మేనేజర్ మాత్రం ఫోన్ చేసి, "కాగితాల సంగతి తర్వాత చూద్దాంలే, నువ్వు అక్కడే ఉండు" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేను. కానీ అదృష్టవశాత్తూ ఆయన అలాంటి మనిషి. ఇంకో మనిషైతే? బిడ్డ పుట్టిన గంటలో తండ్రి ఎక్కడుండాలనేది పైఆఫీసరు గుణాన్ని బట్టి తేలడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

నా భార్యను రికవరీ గదిలో ఉంచారు. నర్సు పాపను తెచ్చి, చొక్కా గుండీలు విప్పి కూర్చోమంది. పాపను నా ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పింది. ఒంటికి ఒళ్లు ఆనితే పసిబిడ్డకు వెచ్చదనం నిలుస్తుంది, ఊపిరి, గుండె వేగం కుదురుకుంటాయి అని చెప్పింది. ఈ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైందట. ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు నెలలు నిండని బిడ్డలను తల్లి గుండెలకే కట్టేవాళ్లు. తల్లి దగ్గర లేనప్పుడు తండ్రి ఛాతీ అయినా పనికొస్తుందని నాకు ఆ గదిలోనే తెలిసింది. పాప తల నా కంఠం కింద సరిగ్గా ఇమిడింది. కాసేపు మూలిగి, కాళ్లు ముడుచుకుని నిద్రపోయింది. కదిలితే లేస్తుందేమోనని మెడ తిప్పకుండా అలాగే కూర్చున్నాను.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో అడిగితే నేను చెప్పగలిగేది చిన్న చిన్న పనుల గురించే. పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరడం. ఎన్నిసార్లు తడిపిందో రాసిపెట్టుకోవడం. బొడ్డు తాడు ఊడేదాకా అక్కడ తడి తగలకుండా డైపర్ అంచు కిందికి మడవడం. మొదటి రోజుల్లో పాప బరువు తగ్గితే కంగారు పడ్డాం. పుట్టిన బరువులో నూటికి ఏడు నుంచి పది వంతుల దాకా తగ్గడం మామూలేనని, రెండు వారాల్లో తిరిగి వస్తుందని డాక్టరు చెప్పాక ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడే పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం వరకే కాస్త స్పష్టంగా కనిపిస్తుందని కూడా ఆయనే చెప్పారు. ఒళ్లో పడుకున్న బిడ్డకూ ఎత్తుకున్నవాళ్ల ముఖానికీ మధ్య దూరం సుమారుగా అంతే. అంటే పాప లోకంలో ఉండాలంటే నేను అంత దగ్గరగా ఉండాలి. అటు గదిలో కూర్చుని ఫోన్లో ఫొటోలు చూసుకునే తండ్రి ఆ లోకంలో లేనట్టే.

అత్తయ్య సాయానికి వచ్చారు కాబట్టి పగలు ఇబ్బంది లేదు. రాత్రుళ్లు మాత్రం నేను పట్టుబట్టాను. పాలిచ్చాక తను పడుకునేది, మిగతాదంతా నాది. మొదట్లో అత్తయ్య మొహమాటపడి, "మీకెందుకండీ, నేను చూసుకుంటాగా" అనేవారు. కొన్ని రోజులకు పాప నా చేతుల్లోనే తొందరగా కుదురుకోవడం చూసి మరేమీ అనలేదు. ఆకలి ఏడుపుకీ నిద్ర ఏడుపుకీ తేడా నాకు ఎవరూ నేర్పలేదు. ఆకలైతే ముందు తల అటూ ఇటూ తిప్పి, పిడికిలి నోటికి పెట్టుకుని, ఆ తర్వాత అందుకుంటుంది. నిద్రకైతే ముఖం పక్కకు తిప్పేసుకుని సన్నగా సాగదీస్తుంది. ఇది గంటల తరబడి ఒక్కడినే పాపతో ఉండటం వల్ల తెలిసింది. పక్కన చూసుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటే తండ్రి చెయ్యి తిరగదు. తల్లులకు పుట్టుకతోనే అన్నీ తెలుసని మనం సులువుగా అనేస్తాం. నా భార్యకూ ఏమీ తెలియదు, ఆమెకూ ఇదే మొదటిసారి. ఆమెకు సమయం దొరికింది, నేర్చుకుంది. నాకు దొరికినంతలో నేనూ నేర్చుకున్నాను.

నాన్న మనవరాలిని చూడటానికి వచ్చినప్పుడు నేను డైపర్ మారుస్తున్నాను. "మా రోజుల్లో మగవాళ్లకి దీనికి సెలవేంట్రా" అన్నారు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగారు. నేను పుట్టినప్పుడు ఆయన డ్యూటీలో ఉన్నారని, కబురందాక కూడా వెంటనే రాలేకపోయారని అమ్మ ఎప్పుడూ చెప్పేదే. ఆ రోజు ఆయనే ఆ సంగతి ఎత్తారు. "అడగాలనే తోచలేదు. అడిగితే నవ్వేవాళ్లు కూడా" అన్నారు. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి, పాపను ఎలా పట్టుకోవాలో చూపించమన్నారు. మెడ కింద చెయ్యి పెట్టి అందించాను. ఆయన వేళ్లు కొద్దిగా వణికాయి. ఇంతమంది పిల్లలున్న ఇంట్లో తిరిగిన మనిషి అంత పసిగుడ్డును ఎత్తుకోవడం అదే తొలిసారేమో అనిపించింది. నేనడగలేదు.

సెలవులో మిగిలిన ఇంకో పని జనన నమోదు. కొత్తగా తండ్రులయ్యేవాళ్లు దీన్ని వాయిదా వేయకండి. 1969 చట్టం ప్రకారం 21 రోజుల లోపు నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పుడితే వాళ్లే వివరాలు పంపుతారు కానీ తల్లిదండ్రుల పేర్లలో అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో మీరే చూసుకోవాలి. పేరు ఇంకా పెట్టలేదని ఆగక్కర్లేదు, 12 నెలల లోపు ఫీజు లేకుండా పేరు చేర్చుకోవచ్చు. 2023లో వచ్చిన సవరణ ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకొచ్చింది. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం నుంచి ఓటరు జాబితా దాకా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెట్టే ఆధారం.

ఆఫీసుకి తిరిగి వెళ్లాల్సిన రోజు వచ్చింది. పిల్లల ఏడుపు ఆరో వారం చుట్టుపక్కల బాగా పెరుగుతుందని చదివాను. మా పాప విషయంలో అక్షరాలా అదే జరిగింది. అంటే ఇంట్లో చేతులు ఎక్కువ కావాల్సిన సమయానికి నా సెలవు అయిపోయింది. సాయంత్రం తలుపు తీసేసరికి నా భార్య ముఖంలో కనిపించే అలసట నన్ను మీటింగుల్లో కూడా వెంటాడేది. కాన్పు తర్వాత తల్లుల్లో దిగులు రావడం గురించి ఇప్పుడు కొంచెం మాట్లాడుతున్నారు. తండ్రుల్లో కూడా పదిమందిలో ఒకరి దాకా దానికి లోనవుతారని అధ్యయనాలున్నాయి. నాకు అంత దూరం రాలేదు కానీ, ఆ నెలలో నేను రోజంతా ఆఫీసులో ఏం చేశానో ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు. 6, 10, 14 వారాలకు టీకాలుంటాయి. మొదటిసారి టీకా వేయించిన రాత్రి పాపకు ఒళ్లు కాలిపోయింది, తెల్లారేదాకా నిద్ర లేదు. మర్నాడు యథాప్రకారం ఆఫీసు.

అందుకే క్యాలెండర్లో ఎర్ర అంకెలంటే నాకు కొత్త ప్రేమ పుట్టింది. ఇంతకుముందు పండగ సెలవు వస్తే ఎక్కడికెళ్దామా అని చూసేవాళ్లం. ఇప్పుడు శనాదివారాలకు ఒక సెలవు కలిసొస్తే పాప పక్కన దొర్లే రోజులు ఎన్నా అని లెక్క. పాప మొదటిసారి నన్ను చూసి నవ్వింది అలాంటి సెలవు రోజే. అంతకుముందు నిద్రలో వచ్చే నవ్వు వేరు, ఇది వేరు. నా ముఖం చూసి, ఒక క్షణం ఆగి, నోరంతా తెరిచి నవ్వింది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పిల్లలు ఇలా మనుషులను చూసి నవ్వుతారట. మామూలు పనిరోజైతే ఆ సమయానికి నేను బస్సులో ఉండేవాణ్ని.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. పోలింగ్ రోజు ఆఫీసుకి సెలవు. పొద్దున్నే నేను, ఆ తర్వాత నా భార్య, వంతులవారీగా వెళ్లి ఓటేసి వచ్చాం. ఇంటికొచ్చి పాపను ఎత్తుకోగానే ఎడమ చూపుడు వేలు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. సిరా ఉన్న వేలని తప్పించి కుడిచెయ్యి అందించాను. ఆ మధ్యాహ్నం చూసిన విషయం నన్ను చాలాసేపు పట్టుకుంది. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135-బి అనే సెక్షన్ ఉంది. పోలింగ్ రోజు ఏ వ్యాపార సంస్థ అయినా, పరిశ్రమ అయినా ఓటున్న ఉద్యోగికి జీతం కోయకుండా సెలవు ఇవ్వాలని అందులో రాసి ఉంది. ఇవ్వకపోతే యజమానికి జరిమానా. మంచి చట్టం. ఓటు వేయడం దేశానికి అవసరమైన పని కాబట్టి ఆ ఒక్కరోజు జీతం నష్టపోకూడదని ఆలోచించి చేశారు. మరి కొత్త పౌరురాలిని దేశానికి తెచ్చి, ఆమెను ఎత్తుకుని నిలబడటం అవసరమైన పని కాదా? ఓటేయడానికి తండ్రికి ఉన్న హక్కు, బిడ్డను పట్టుకోవడానికి ఎందుకు లేదు?

ఈ ప్రశ్న మన తెలుగు రాష్ట్రాల్లో అడగాల్సిన సమయం కూడా ఇదే. పిల్లలు తగ్గిపోతున్నారని, ఎక్కువమందిని కనాలని నాయకులు బహిరంగంగానే అంటున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల్లో ఒక్కో మహిళకు సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. రేపు నియోజకవర్గాల పునర్విభజన జరిగితే దక్షిణాదికి సీట్లు తగ్గుతాయన్న భయం దీని వెనుక ఉందని అందరికీ తెలుసు. ఆ భయం నాకూ ఉంది. జనాభా అదుపు చేసినందుకు గొంతు తగ్గించడం అన్యాయమే. కానీ పిల్లలను కనమని చెప్పే ప్రసంగాల్లో రాత్రి రెండింటికి బిడ్డను ఎవరు ఎత్తుకోవాలనే మాట రాదు. రెండో బిడ్డ గురించి మా ఇంట్లో మాట వచ్చినప్పుడల్లా మేం ఇద్దరం ముందు లెక్కవేసుకునేది అదే.

బయటి దేశాల్లో ఈ పని ఎలా చేశారో చూస్తే దారి ఉందని తెలుస్తుంది. స్వీడన్ 1974లోనే తల్లి సెలవును తల్లిదండ్రుల సెలవుగా మార్చింది. ఇప్పుడు బిడ్డకు 480 రోజులు, అందులో 90 రోజులు తండ్రివే, తల్లికి బదలాయించడానికి వీల్లేదు. ఆ చివరి మాటే అసలు కీలకం. ఎవరైనా వాడుకోవచ్చు అంటే తల్లే వాడుకుంటుంది, తండ్రి ఆఫీసుకి పోతాడు. నార్వే 1993లో నాలుగు వారాలు తండ్రికి మాత్రమే అని కేటాయించాకే అక్కడ తండ్రులు పెద్ద సంఖ్యలో సెలవు తీసుకోవడం మొదలైంది. స్పెయిన్ 2021 నుంచి ఇద్దరికీ సమానంగా 16 వారాలు ఇచ్చింది. జపాన్‌లో చట్టం ఉన్నా సహోద్యోగులు ఏమనుకుంటారోనని మగవాళ్లు వాడుకునేవాళ్లు కాదు. 2020 జనవరిలో పర్యావరణ మంత్రి షింజిరో కొయిజుమి తానే సెలవు పెట్టి, పెద్ద చర్చ లేపారు. మన దగ్గర ఆ చర్చ క్రికెట్ వల్ల వచ్చింది. 2020 డిసెంబరులో అడిలైడ్ టెస్టు అయ్యాక విరాట్ కోహ్లీ కాన్పు కోసం ఆస్ట్రేలియా నుంచి తిరిగొచ్చినప్పుడు తప్పుపట్టినవాళ్లలో నా స్నేహితులూ ఉన్నారు. ఆ సిరీస్ మన జట్టే గెలిచింది.

డబ్బు ఎవరు పెట్టుకోవాలన్నది న్యాయమైన ప్రశ్న. చిన్న కంపెనీ నడిపే మా బావ ఇదే అడిగాడు. ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలో ఉన్న మహిళలకు సెలవు కాలపు డబ్బు ఈఎస్‌ఐ నుంచే వస్తుంది, యజమాని జేబులోంచి కాదు. ఆ పరిధి దాటినవాళ్లకు 26 వారాల జీతమూ యజమానే భరించాలి. అందుకే కొన్నిచోట్ల ఆడవాళ్లను ఉద్యోగంలోకి తీసుకోవడానికి వెనకాడుతున్నారు. అందరికీ బీమా పద్ధతిలో చందా కట్టించి దాన్నుంచే తల్లికీ తండ్రికీ ఇస్తే ఆ భారం ఒక్కరి మీద పడదు. తండ్రి కూడా సెలవు పెడతాడని తెలిస్తే ఆడపిల్లను ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు వచ్చే ఆ వెనకడుగు కూడా తగ్గుతుంది. రోజు కూలీ మీద బతికే తండ్రికైతే ఇలాంటి నిధి తప్ప మరో మార్గమే లేదు. అతను పని మానేస్తే ఆ రోజు ఇల్లు గడవదు.

మేం ఆఫీసులో కొందరం కలిసి మేనేజ్‌మెంట్‌కి లెటర్ రాశాం. రోజులు పెంచమన్నాం, దాంతోపాటు ఇంకో రెండు అడిగాం. సెలవు డ్యూ డేట్ నుంచి కాకుండా బిడ్డ పుట్టిన రోజు నుంచి దానంతట అదే మొదలవ్వాలి. ఆరు నెలల లోపు విడతలుగా వాడుకోనివ్వాలి. ఆ రెండూ ఒప్పుకున్నారు. రోజుల సంఖ్య ఇంకా పరిశీలనలో ఉందన్నారు, గుర్తుచేస్తూనే ఉన్నాం. కొత్త పద్ధతిలో మొదట సెలవు పెట్టబోయేది అకౌంట్స్‌లో ఉన్న ఒక అబ్బాయి. మొన్న లిఫ్ట్ దగ్గర ఆపి, "అన్నా, అంతా మొదట్లోనే వాడేయనా, కొంత దాచుకోనా?" అని అడిగాడు. సగం ఇప్పుడు, సగం ఆరో వారానికి అని చెప్పాను. కుదిరితే ఒక రోజు మొదటి టీకా మర్నాటికి పెట్టుకోమన్నాను.